నాన్న పక్కన కూర్చుని ఉండగా నింపిన ఫారం: ఒక క్లియరెన్స్ కేసు కథ

ఫోన్ ఎత్తగానే ఆ అబ్బాయి అన్న మొదటి మాట "ఆంటీ, మీరు మా అమ్మకి చెప్పరు కదా" అని. వయసు 25, సొంతంగా సంపాదించుకుంటున్నాడు, చేతిలో క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదో రాసిన డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ నోటీసు, జవాబివ్వడానికి ఉన్న 20 రోజుల్లో 11 అప్పటికే గడిచిపోయాయి, ఇంత పెట్టుకుని వాడి మొదటి భయం మాత్రం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న వాళ్లమ్మ. లాయర్‌కి చెప్పింది ఎక్కడికీ పోదు నాన్నా, ముందు ఊపిరి పీల్చుకో అన్నా.

నేను నార్తర్న్ వర్జీనియాలో ప్రాక్టీస్ చేస్తా, నా దగ్గరకొచ్చేవి ఎక్కువగా సెక్యూరిటీ క్లియరెన్స్ కేసులే, అంటే ప్రభుత్వ రహస్యాలతో పని ఉండే ఉద్యోగాలకి గవర్నమెంట్ ఇచ్చే అనుమతి గురించినవి. ఈ కేసు అయిపోయింది, వాడు రాయమన్నాకే రాస్తున్నా, ఎవరో పట్టుకోలేనంతగా కొన్ని వివరాలు మార్చా. వాడికి పేరు పెట్టను, మనవాడు అందాం.

మనవాడు పుట్టింది పెరిగింది న్యూజెర్సీలోనే, అమ్మానాన్నలది తెనాలి పక్కన ఊరు. కంప్యూటర్ సైన్స్ చదివాడు, 2020లో డిగ్రీ అయింది. కాలేజీలో 2017 నుంచి వీడ్, అంటే గంజాయి, కాల్చాడు, మొదట్లో వీకెండ్‌కి ఒకసారి, తర్వాత నెలకోసారి, కోవిడ్ టైంలో వీడ్ కలిపిన గమ్మీ బిళ్లలు, ఆఖరిసారి 2021 డిసెంబర్ 31 రాత్రి. ఫైనల్స్ టైంలో అడరాల్ (ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకి డాక్టర్లు రాసే మాత్ర) కూడా వేసుకున్నాడు, ఏడెనిమిది సార్లు, తన ప్రిస్క్రిప్షన్ కాదు, క్లాస్‌మేట్‌ది. పోలీస్ కేసు లేదు, అరెస్ట్ లేదు, కాలేజీలో వార్నింగ్ కూడా లేదు.

ఫారాలు రెండు నింపాడు. 2019లో సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం సీక్రెట్ లెవెల్‌కి ఒకటి, ఆ ఇంటర్న్‌షిప్ అయిపోయే లోపు క్లియరెన్స్ రానే లేదు, ఫైల్ అక్కడికి ఆగిపోయింది. మళ్లీ 2022 ఆగస్టులో వేరే డిఫెన్స్ కాంట్రాక్టర్ కంపెనీ దగ్గర ఫుల్ టైం ఉద్యోగానికి, ఈసారి టాప్ సీక్రెట్. రెండిటికీ అదే ఫారం, క్లియరెన్స్ కోసం నీ వివరాలన్నీ అడిగే ఎస్ఎఫ్-86. 2019లో డ్రగ్స్ ప్రశ్నలన్నిటికీ 'నో' పెట్టాడు. 2022లో వీడ్ దగ్గర 'ఎస్' పెట్టి డేట్లతో సహా రాశాడు, అడరాల్ మాత్రం రాయలేదు.

ఎందుకిలా చేశావురా అని అడిగితే 2019 సంగతి చెప్పాడు. ఆ ఫారం నింపినవాళ్లకి తెలుస్తుంది, వంద పేజీలు దాటుతుంది, పదేళ్ల అడ్రస్‌లు, గత మూడేళ్ల అడ్రస్‌లకి అక్కడ నిన్ను ఎరిగిన మనిషి, అమ్మానాన్నలు పుట్టిన ఊరు, వాళ్ల సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ నంబర్లు, ఇండియాలో ఎవరెవరితో మాట్లాడతావు, అన్నీ కావాలి. మన ఇళ్లల్లో ఈ కాగితాలన్నీ ఎవరి దగ్గర ఉంటాయి, నాన్న దగ్గరే కదా, బీరువాలో ప్లాస్టిక్ ఫోల్డర్‌లో. అందుకని స్ప్రింగ్ బ్రేక్‌కి ఇంటికెళ్లి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు, నాన్న పక్కనే కళ్లజోడు పెట్టుకుని నంబర్లు చదివి చెప్తున్నాడు, అలా ఒక్కో సెక్షన్ దాటుకుంటూ వెళ్తుంటే సెక్షన్ 23 వచ్చింది, గత ఏడేళ్లలో డ్రగ్స్ ఏమైనా చట్టవిరుద్ధంగా వాడావా అని స్క్రీన్ మీద పెద్దగా ఉంది, నాన్న కూడా అదే స్క్రీన్ చూస్తున్నాడు. మనవాడు 'నో' నొక్కి నెక్స్ట్ కొట్టేశాడు. "రెండు సెకన్లు కూడా పట్టలేదు ఆంటీ" అన్నాడు.

ఆ రెండు సెకన్లే నాలుగేళ్ల తర్వాత నోటీసులో ఒక పేరాగ్రాఫ్ అయి వచ్చాయి. నా దగ్గరకొచ్చే మన పిల్లల కేసుల్లో ఇది పదే పదే చూస్తున్నా. గవర్నమెంట్‌ని మోసం చెయ్యాలని 'నో' పెట్టినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు, ఇంట్లో తెలుస్తుందని పెట్టినవాళ్లే ఎక్కువ.

2022లో అడరాల్ ఎందుకు రాయలేదంటే దానికి బాబాయి. ఆయన ఆష్‌బర్న్‌లో ఐటీలో ఉంటాడు, చాలా మంచి మనిషి, ఆయనకి క్లియరెన్స్ లేదు, ఆ ఫారం జన్మలో చూడలేదు. "వీడ్ రాశావు సరే, అడరాల్ మందే కదరా, డాక్టర్లే ఇస్తారు, డ్రగ్ ఎలా అవుతుంది, అనవసరంగా కెలుక్కోకు" అన్నాడట. సెక్షన్ 23లో ప్రిస్క్రిప్షన్ మందుల దుర్వినియోగం గురించి విడిగా ఒక ప్రశ్న ఉంటుంది, నీకు రాసిన మందైనా ఇంకొకళ్లకి రాసిందైనా సరే అని కూడా అందులోనే ఉంటుంది. అడరాల్ షెడ్యూల్ 2 మందు, అంటే దుర్వినియోగం అయ్యే ప్రమాదం ఎక్కువని గట్టి అదుపులో ఉంచినది. లా ప్రకారం చూస్తే ఫ్రెండ్ దగ్గర తీసుకున్న అడరాల్ తక్కువ తప్పేం కాదు.

ఇక్కడొక మాట చెప్పాలి. లాయర్ గానీ, సెక్యూరిటీ ప్రాసెస్ గురించి సలహా ఇవ్వడమే ఉద్యోగంగా ఉన్న మనిషి గానీ, అంటే కంపెనీలో ఉండే ఫెసిలిటీ సెక్యూరిటీ ఆఫీసర్ లాంటివాళ్లు, తప్పు సలహా ఇస్తే దాన్ని నీకు అనుకూలంగా చూసే వీలు రూల్స్‌లో ఉంది. బాబాయి సలహాకి ఆ వీలు లేదు. మామయ్య, సీనియర్, వాట్సాప్ గ్రూప్‌లో అన్నయ్య, ఎవరు చెప్పినా టిక్ నీదే.

రూల్స్ ఏంటో కొంచెం చెప్తా. 2017 జూన్ 8 నుంచి అన్ని ఫెడరల్ ఏజెన్సీలకీ ఒకటే గైడ్‌లైన్స్, ఏ నుంచి ఎమ్ దాకా 13. డ్రగ్స్‌ది గైడ్‌లైన్ హెచ్, అబద్ధాలూ దాచిపెట్టడాలూ గైడ్‌లైన్ ఈ. మనవాడికి రెండూ పడ్డాయి. క్లియరెన్స్ అనేది ఎవరికీ హక్కు కాదని సుప్రీం కోర్టు 1988లోనే ఈగన్ కేసులో తేల్చేసింది, డౌట్ మిగిలితే అది గవర్నమెంట్ వైపే వెళ్తుంది, అంటే నువ్వు తప్పు చేశావని వాళ్లు గట్టిగా నిరూపించడం కాదు, నిన్ను నమ్మొచ్చని నువ్వు చూపించుకోవాలి.

మా స్టేట్‌లో లీగలే కదా అని అందరూ అడుగుతారు. న్యూజెర్సీలో 2021 ఫిబ్రవరిలో, వర్జీనియాలో 2021 జులై 1న పెద్దవాళ్లకి లీగల్ అయింది, నిజమే. కానీ క్లియరెన్స్ చూసేది ఫెడరల్ లా, స్టేట్‌లో లీగల్ అయినా సరే ఫెడరల్ లా ప్రకారమే జవాబివ్వమని ఫారంలోనే రాసి ఉంటుంది. 2021 డిసెంబర్‌లో అప్పటి నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ అవ్రిల్ హెయిన్స్ ఒక మెమో ఇచ్చారు, పాత వీడ్ వాడకాన్ని చూస్తాం గానీ దాంతోనే నిర్ణయం అయిపోదు, మనిషి మొత్తాన్ని చూడాలి అని. ఆ మెమో చాలామందికి మేలు చేసింది. అయితే అదే మెమోలో సీబీడీ (గంజాయి జాతి మొక్క నుంచే తీసే, మత్తు ఇవ్వని పదార్థం) ప్రొడక్ట్స్ గురించి జాగ్రత్త కూడా ఉంది, లేబుల్ మీద రాసినదానికన్నా ఎక్కువ టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తు ఇచ్చే పదార్థం, ఉండి టెస్ట్‌లో పాజిటివ్ రావచ్చని. ఇప్పుడు కూడా వాడుతూ ఉంటే మాత్రం బాండ్ అమెండ్‌మెంట్ అని ఒక చట్టం ఉంది, క్లియరెన్స్ ఇచ్చే ప్రసక్తే లేదు.

ఎన్నేళ్లు మానేస్తే చాలు అని అడుగుతారు, దానికి ఒక అంకె లేదు. ఎఫ్‌బీఐ ఉద్యోగానికి వీడ్ ఏడాది అని వాళ్ల సొంత రూల్ ఉంది, ఒకప్పుడు మూడేళ్లు ఉండేది, కానీ అది ఉద్యోగం రూల్. క్లియరెన్స్‌లో చూసేవి వేరు, ఎంత కాలమైంది, ఎంత తరచుగా, ఏ పరిస్థితుల్లో, ఆ స్నేహాలు ఆ చోటు వదిలేశావా, ఇక ముట్టను, ముడితే క్లియరెన్స్ తీసేయండి అని సంతకం పెట్టి ఇస్తావా. మనవాడి విషయంలో ఇవన్నీ బాగానే ఉన్నాయి. కాల్చే రూమ్మేట్స్‌ని వదిలి వేరే అపార్ట్‌మెంట్‌కి మారిపోయాడు, కొత్త లీజ్ కాగితం ఉంది, హెయిర్ టెస్ట్ చేయించాం, లైసెన్స్ ఉన్న కౌన్సెలర్ దగ్గర ఇవాల్యుయేషన్ చేయించాం. గైడ్‌లైన్ హెచ్ గురించి నేను నిద్ర పాడుచేసుకోలేదు.

నా భయమంతా గైడ్‌లైన్ ఈ మీద. ఇన్వెస్టిగేటర్ ఇంటర్వ్యూలో మనవాడు రెండు పనులు చేశాడు. సెక్షన్ 23 రాగానే, ఆమె ఏమీ అడగక ముందే, అడరాల్ కూడా ఉంది, రాయలేదు అని చెప్పేశాడు. ఇది బంగారం లాంటి పని, వాళ్లు నిలదీసే లోపు నీ అంతట నువ్వే సరిదిద్దుకుంటే దానికి రూల్స్‌లో చాలా విలువ ఉంది. తర్వాత ఆమె, మరి 2019లో నో అని ఎందుకు పెట్టావ్ అని అడిగింది. వాడు నిజమే చెప్పాడు, అమ్మానాన్నలకి తెలుస్తుందని భయపడ్డా, వాళ్లకి ఇప్పటికీ తెలియదు అని. ఆమె అది రిపోర్ట్‌లో రాసుకుంది.

మనింట్లో మామూలుగా అనిపించే ఆ మాట క్లియరెన్స్ భాషలో ఎలా వినిపిస్తుందో చూడండి. ఇంట్లో తెలియకూడదని ఫెడరల్ ఫారం మీద అబద్ధం చెప్పగలిగినవాడిని రేపు ఎవడైనా మీ నాన్నకి చెప్తా అని బెదిరిస్తే ఏం చేస్తాడు? గైడ్‌లైన్ ఈ లో సరిగ్గా ఇదే ఉంది, దాచిపెట్టిన విషయం వల్ల ఒత్తిడికి లొంగే అవకాశం ఉందా అని. ఆ ఒత్తిడి తగ్గించడానికి నువ్వు గట్టి అడుగులు వేశావా అనేది దానికి విరుగుడు. అడుగు అంటే ఒకటే, ఇంట్లో చెప్పడం.

రెండు రోజులు ఒప్పుకోలేదు. అమ్మ తట్టుకోలేదు ఆంటీ, నాన్నకి బీపీ ఉంది, ఇలా. నేను బలవంతం చెయ్యలేదు, చెప్పకపోతే హియరింగ్‌లో జడ్జి అడిగినప్పుడు ఏం చెప్తావో ఇప్పుడు నాకు చెప్పి చూపించు అన్నా. కాసేపు ఫోన్‌లో ఏమీ మాట్లాడలేదు. ఆ శనివారమే ఎడిసన్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని ముగ్గురూ ఫెయిర్‌ఫాక్స్‌లో మా ఆఫీసుకొచ్చారు.

వాడే చెప్పాడు, నేను మధ్యలో మాట్లాడలేదు. నాన్న టేబుల్ అంచునే చూస్తూ కూర్చున్నారు, 2019 ఫారం సంగతి వచ్చినప్పుడు మాత్రం తల ఎత్తి "నేను పక్కనే ఉన్నా కదరా" అన్నారు, అంతే. అమ్మ వీడ్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. అడరాల్ అనగానే "ఎవరిచ్చారు, ఊరికే ఇచ్చారా, డబ్బులిచ్చి కొన్నావా?" అంది.

వాడు నా వైపు చూశాడు. కొన్నాడు, ఒక్కో మాత్ర ఐదు డాలర్లు. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు, ఫ్రెండ్ ఇచ్చాడు అంటే ఊరికే ఇచ్చాడనుకున్నా. ఇన్నేళ్ల ప్రాక్టీస్‌లో నేను అడగాల్సిన ప్రశ్న ఆవిడ అడిగింది. డ్రగ్స్ కొనడం గురించి ఆ ఫారంలో ఇంకో ప్రశ్న విడిగా ఉంటుంది, దానికీ వాడు 'నో' పెట్టాడు, నోటీసులో అది లేదు, అంటే గవర్నమెంట్‌కి ఇంకా తెలియదు. హియరింగ్‌లో మొదటిసారి బయటపడి ఉంటే అడరాల్ గురించి వాడు తనంతట తాను చెప్పిన మంచి మొత్తం కొట్టుకుపోయేది.

ఆవిడ అంతటితో ఆగలేదు. ఇంకేమున్నాయి చెప్పు అంది. 2018లో గోవాలో కజిన్ బ్యాచిలర్ పార్టీలో గంజాయి ఒకసారి అన్నాడు, ఇండియాలో కదా లెక్కలోకి రాదనుకున్నా అట. ఇండియాలోనూ 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి నేరమే. హోలీకి భంగ్ తాగిన సంగతి అడిగేవాళ్లూ ఉంటారు, ఆ చట్టంలో గంజాయి నిర్వచనంలోకి భంగ్ ఆకు రాదు, అయినా అందులో ఉండేది అదే టీహెచ్‌సీ, నన్నడిగితే రాసేయమంటా. అప్పుడు ఆవిడే నెమ్మదిగా "ఇండియా వెళ్లేటప్పుడు విమానంలో నిద్ర పట్టదంటే నేనే సగం ఆల్ప్రాక్స్ ఇచ్చానండీ, నాది, అది కూడా రాయాలా?" అని అడిగింది. ఆల్ప్రాక్స్ అంటే ఆందోళనకి డాక్టర్లు రాసే మాత్ర. కొంతమంది లాయర్లు అక్కర్లేదంటారు. నేను ఒక లైన్ రాయించా. ఇంత దూరం వచ్చాక ఒక లైన్ కోసం దాచుకోవడం నాకు ఇష్టం లేదు. నాన్నగారు వెళ్తూ వెళ్తూ, మోకాళ్ల నొప్పికి నేను సీబీడీ గమ్మీలు తింటా, ఫ్రిజ్‌లో ఉంటాయి అన్నారు, వాడు ఇంటికొచ్చినప్పుడు వాటిని మీ రూంలో పెట్టుకోండి సార్ అని చెప్పా.

18వ రోజున జవాబు పంపాం. నోటీసులో ఉన్నవన్నీ ఒప్పుకున్నాం, లేనివి కూడా రాశాం, కొనడం, గోవా, విమానం. మా ఆఫీసులోనే ఒకావిడ అడగనిది ఎందుకు ఇస్తున్నారు అంది. క్రిమినల్ కేసైతే నేనూ ఇవ్వను. ఇక్కడ విషయం నేరం కాదు, ఈ మనిషి మాట నమ్మొచ్చా అన్నది. పైగా సెక్షన్ 23 దగ్గర నిజం చెప్తే దాన్ని క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడం అని ఫారం మీదే హామీ ఉంది, అబద్ధం చెప్తే మాత్రం ఐదేళ్ల దాకా జైలు పడే ఫెడరల్ నేరం. మనవాళ్లు సరిగ్గా తిరగేసి అర్థం చేసుకుంటారు దీన్ని.

హియరింగ్ 2024 మేలో, వీడియోలో. డిఫెన్స్ ఆఫీస్ ఆఫ్ హియరింగ్స్ అండ్ అప్పీల్స్ జడ్జి, గవర్నమెంట్ తరఫు లాయర్, రికార్డ్ చేసే ఆవిడ, మేము. కంపెనీ మాత్రం చాలా మంచిపని చేసింది, ఇన్ని నెలలూ క్లియరెన్స్ అక్కర్లేని పని ఇచ్చి ఉంచింది, స్పాన్సర్ చేసే కంపెనీ వదిలేస్తే కేసు మధ్యలోనే ఆగిపోతుంది, అలా ఆగిపోయిన పిల్లలు నాకు చాలామంది తెలుసు.

గవర్నమెంట్ లాయర్ గట్టిగా పట్టుకున్నది నేను అనుకున్నదే. 2019లో ఫారం చదివాక ఇది ఫెడరల్ ఉద్యోగాలకి పనికిరాదని తెలిసింది కదా, తర్వాత ఇంకో రెండున్నరేళ్లు ఎందుకు వాడావు? దీనికి మంచి జవాబు లేదు. మనవాడు తయారుచేసుకున్నట్టు కాకుండా, ఇంటర్న్‌షిప్ అయిపోయింది, మళ్లీ ఇలాంటి ఉద్యోగం చేస్తానని అనుకోలేదు, ఫ్రెండ్స్ అందరూ తీసుకుంటున్నారు, నేను ఆలోచించలేదు, అది నా తప్పు అన్నాడు. బాబాయి గురించి అడిగితే "ఆయన చెప్పారు, కానీ ప్రశ్న ఇంగ్లిష్‌లోనే ఉంది, నాకు అర్థమైంది, నేనే వదిలేశా" అన్నాడు. ఆ మాట నేను నేర్పింది కాదు. కొన్నావా అన్న ప్రశ్న వచ్చింది, జవాబులో ఉంది కాబట్టి నిమిషంలో దాటిపోయింది.

ఆ తర్వాత జడ్జి అడిగారు, ఈ విషయాలు మీ కుటుంబంలో ఎవరికి తెలుసు అని. అమ్మ, నాన్న, చెల్లి, బాబాయి అన్నాడు. మా తరఫు సాక్షి వాళ్లమ్మే. ఎడిసన్ ఇంట్లో అదే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వీడియోలోకి వచ్చింది. ఆవిడ ఒక స్కూల్ కిచెన్‌లో పని చేస్తుంది, ఇంగ్లిష్ తడుముకుంటూ మాట్లాడుతుంది, దుభాషి వద్దంది. రెండు వారాలు వాడితో మాట్లాడలేదని చెప్పింది, ఇప్పుడు మాట్లాడుతున్నానంది, ఇంకేం దాచాడని అడిగితే నాకు తెలిసినవన్నీ మీ కాగితంలో ఉన్నాయి అంది. గవర్నమెంట్ లాయర్ ఆవిణ్ణి ప్రశ్నలేమీ అడగలేదు.

ఆగస్టులో నిర్ణయం వచ్చింది. డ్రగ్స్ పేరాలన్నీ మనవాడికి అనుకూలంగానే వచ్చాయి. ఫారం పేరాల్లో 2019ది తేలిగ్గా వదల్లేదు, అబద్ధమని, తెలిసే చెప్పాడని రాశారు. అయితే అప్పటికి వయసు 20, 2022 ఫారంలో ఎవరూ నిలదీయకుండానే వీడ్ గురించి నిజం రాశాడు, అడరాల్ నిలదీయక ముందే చెప్పాడు, కొన్న సంగతి తనే బయటపెట్టాడు, ఇంట్లో ఇక దాచింది లేదు, ఇవన్నీ ఒక్కొక్కటిగా లెక్కలోకి తీసుకుని క్లియరెన్స్ ఇచ్చారు. గవర్నమెంట్‌కి అప్పీల్ చెయ్యడానికి 15 రోజులు ఉంటుంది. 16వ రోజు పొద్దున్నే వాడు నాకు ఫోన్ చేశాడు, నేను ఇంకా కాఫీ కూడా తాగలేదు. ఓడిపోయి ఉంటే ఆ నిర్ణయం తేదీ నుంచి ఏడాది దాకా మళ్లీ అప్లై చెయ్యడానికి కూడా ఉండేది కాదు.

అన్ని కేసులూ ఇలా అవ్వవు. ఇవే విషయాలతో వేరే జడ్జి 2019 పేరా ఒక్కదాని మీదే కాదనే అవకాశం ఉంది, అది వాడికి ముందే చెప్పా. ఈ కేసు తర్వాత కొత్త క్లయింట్లతో నింపించే నా ఇన్‌టేక్ ఫారం మార్చుకున్నా, మందు ఎవరిచ్చారు, డబ్బిచ్చావా అని రెండు లైన్లు పెట్టా. కాగితాలు ఇంట్లో తెచ్చుకోండి గానీ సెక్షన్ 23 మాత్రం ఒక్కళ్లే కూర్చుని నింపండి అని పిల్లలకి చెప్తున్నా.

మనవాడి కేసులో ఒక అదృష్టం ఉంది, వాడు ఇక్కడే పుట్టాడు. మొన్న వాళ్ల కజిన్ ఫోన్ చేశాడు, ఆ గోవా పార్టీ పెళ్లికొడుకే. అతను ఎంఎస్‌కి వచ్చి, హెచ్1బీ, గ్రీన్ కార్డ్ అయ్యి, 2021లో సిటిజన్ అయ్యాడు, ఇప్పుడు క్లియరెన్స్ ఉన్న ఉద్యోగం వస్తోంది, గ్రీన్ కార్డ్ మీద ఉన్నప్పుడు కొలరాడోలో షాపులో కొని గమ్మీలు తిన్నాడు. మా తమ్ముడిలా నేనూ అన్నీ రాసేస్తా అన్నాడు. ఆగమన్నా. స్టేట్‌లో లీగలైనా సరే వీడ్ వాడకం సిటిజన్‌షిప్‌కి కావాల్సిన మంచి నడవడికకి అడ్డు రావచ్చని ఇమ్మిగ్రేషన్ చూసే ఏజెన్సీ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లోనే చెప్పింది, సిటిజన్‌షిప్‌కి అప్లై చేసే ఎన్-400 ఫారంలో అరెస్ట్ కాకపోయినా ఏదైనా నేరం చేశావా అన్న ప్రశ్న ఉండేది, దానికి అతను నో అని పెట్టి ఉంటాడు. ఇప్పుడు క్లియరెన్స్ ఫారంలో ఎస్ అని రాస్తే ఆ రెండు కాగితాలూ ఒకదానికొకటి ఎదురు నిలబడతాయి. అబద్ధం రాయమని నేను చచ్చినా చెప్పను, రాయకుండా ఆ ఉద్యోగం వదులుకునే దారి కూడా ఒకటి ఉందని చెప్పా. ఎన్-400 కాపీ తెప్పిస్తున్నాం, గురువారం ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో కలిసి ముగ్గురం కూర్చుంటున్నాం. అప్పటిదాకా ఆ ఫారం ఓపెన్ చెయ్యొద్దన్నా.